గ్రీటింగ్ కార్డుల కాగితం కిట్: మూడు వారాలు వాడాక నా రివ్యూ

నమస్తే అండీ, తిరుపతిలో మా మిద్దెమీద నుంచి మాట్లాడుతున్నా. ముందే చెప్పేస్తాను, ఈ కాగితం తయారీ కిట్ నేను కొనలేదు. అమ్మేవాళ్ళే ఊరికే పంపారు. డబ్బులు ఇవ్వలేదు, ఇలా చెప్పండి అలా చెప్పండి అని అడగనూ లేదు. సైజు, ధర, డబ్బాలో ఏమేమి వస్తాయో మీరు ఈపాటికి చూసే ఉంటారు, అవి మళ్ళీ చదవను. నేను జాలీ గురించి మాట్లాడాలి, అదే, గుజ్జు కలిపిన నీళ్ళలో ముంచి కాగితం తీసే ఫ్రేమ్‌కి బిగించిన వల. మూడు వారాలుగా నా బుర్రంతా ఆ జాలీయే.

ఇదిగో, ఫ్రేమ్‌ను కంటి ఎత్తున పెట్టి చూపిస్తున్నా. పొడిగా ఉన్నప్పుడు బిగుతుగానే ఉంది, వేలితో కొడితే టక్కుమంటోంది. ఇప్పుడు పది నిమిషాలు నీళ్ళలో ఉంచి తీశాను. నడుమ ఎలా దిగిపోయిందో చూడండి. ఇది నైలాన్ జాలీ. నైలాన్ నీళ్ళు పీల్చుకుని కొద్దిగా సాగుతుంది. తొట్టిలోంచి ఫ్రేమ్ పైకి తీసినప్పుడు గుజ్జంతా పల్లానికి చేరుతుంది. షీట్ నడుమ మందంగా, అంచుల్లో పలచగా వస్తుంది. బుక్‌మార్క్ చేసుకుంటే పర్లేదు. కానీ కార్డు మడిచేది సరిగ్గా నడుమనే కదా! ఈ మడత చూడండి, పైన పీచు లేచింది, లోపల చీలిక వచ్చింది. ఒకరి చేతికి ప్రేమగా ఇచ్చే కార్డు రెండుసార్లు తెరిచేసరికి ఇలా అయితే నాకు నిజంగా బాధేస్తుంది.

మొదట తప్పు నాదే అనుకున్నా. గుజ్జు తక్కువైందేమో అని వంటింటి తూకం తెచ్చాను. మనం ప్రింటర్‌లో వాడే మామూలు 80 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకి 80 గ్రాములు) ఎ4 కాగితం ఒకటి 5 గ్రాములు ఉంటుంది. ఈ కిట్ షీట్ అందులో సగం సైజు. కార్డుకి 200 జీఎస్ఎం మందం కావాలంటే ఒక్కో షీట్ 6 గ్రాముల పైన కాస్త ఉండాలి. నావి పది తూస్తే 63 గ్రాములు వచ్చాయి, బరువు సరిపోయింది. అప్పుడు ఒక్కో షీట్‌ను మూడు సమాన ముక్కలుగా కోశాను. నడిమి ముక్కలు పదీ కలిపి 27 గ్రాములు, రెండు పక్కలవీ చెరో 18. ఇక అనుమానం లేదు, తప్పు జాలీదే.

రెండేళ్ళ క్రితం నేను పాత ఫోటో ఫ్రేమ్‌కి దోమతెర ముక్క బిగించి పని మొదలుపెట్టాను. అదీ సాగేది, కానీ అది ఇంట్లో ఉన్నదాంతో చేసుకున్నది. డబ్బు పెట్టి కొనేదానికి ఆ లోపం ఉండకూడదు. మన దేశంలో చేతి కాగితం పనివాళ్ళు గడ్డి పుల్లలు అల్లిన తెరను చెక్క చట్రం మీద పరిచి కాగితం తీసేవాళ్ళు. ఆ చట్రానికి అడ్డంగా బద్దలుండేవి, తెర దిగిపోకుండా. వీళ్ళు ఒక్క బద్ద వేసి ఉంటే సరిపోయేది! నేనేం చేశానంటే, పిన్నులు పీకేసి, జాలీని తడిపి, తడిగా ఉండగానే లాగి మళ్ళీ బిగించాను. కింద సన్నటి వెదురు బద్ద ఒకటి అడ్డం పెట్టాను. ఆ తర్వాత తీసిన షీట్ ఇది. మడత చూడండి, ఎంత శుభ్రంగా పడిందో.

మెచ్చుకోవాల్సినవీ ఉన్నాయి. చెక్క బాగుంది, ఇన్నిసార్లు నానినా మూలలు విడలేదు. షీట్ బోర్లించే గుడ్డలు చాలా మంచివి, ఒక్క షీటూ అంటుకుని చిరగలేదు. స్పాంజి మాత్రం చిన్నది.

కిట్‌తో వచ్చిన పుస్తకంలో గంజి మాటే లేదు. అది నాకు అస్సలు నచ్చలేదు. గంజి పట్టని కాగితం మీద జెల్ పెన్నుతో రాస్తే అక్షరం చుట్టూ సిరా పాకుతుంది. ఇది మా అవ్వకి చూపిస్తే, "గంజి పెట్టకుండా నూలు చీరే నిలబడదు, ఇదేం నిలబడుతుంది పాపా" అంది. మన పక్కనే శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ళు గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టాకే కలం పెడతారు, రంగు పాకకుండా ఉండాలని. నేను అన్నం గంజిని పలచగా వడగట్టి, ఆరిన షీట్ మీద బ్రష్‌తో రెండు వైపులా పూసి మళ్ళీ ఆరబెట్టాను. ఎడమ పక్కది గంజి లేనిది, కుడి పక్కది గంజి పెట్టింది. రెండింటి మీదా "శుభాకాంక్షలు" అనే రాశాను. తేడా మీరే చూడండి.

గుజ్జుకి నేను వాడింది పాత పెళ్ళి పత్రికలు. న్యూస్‌పేపర్ వద్దండీ, కొన్నాళ్ళకే పచ్చబడి పెళుసవుతుంది. పత్రికను ముందు చించి చూడండి, సాగుతూ ప్లాస్టిక్ పొర కనిపిస్తే పక్కన పెట్టేయండి, అది నానదు. మిగతావి రాత్రంతా నానబెట్టి, గుప్పెడు కాగితానికి జార్ నిండా నీళ్ళు పోసి మిక్సీ పట్టండి. చిక్కగా వేస్తే మోటార్ వేడెక్కుతుంది. ఈ షీట్‌లో అక్కడక్కడా పసుపు చుక్కలు ఉన్నాయి చూశారా? పత్రికల మూలలకి రాసిన పసుపే అది. ఏ పెళ్ళిదో ఏమో, నాకు ఇదే అన్నిటికన్నా నచ్చింది. మిగిలిన గుజ్జు నీళ్ళు సింక్‌లో పోయకండి, పైపు పూడిపోతుంది. గుడ్డతో వడగట్టి మొక్కలకి పోయండి.

ఇక కొనాలా వద్దా? కార్డుల కోసమైతే ఇప్పుడున్న జాలీతో నేను కొనమని చెప్పను. మంచి చెక్కకీ మంచి గుడ్డలకీ ఈ జాలీ కట్టడం నాకు కోపం తెప్పించింది, ఆ మాట పంపినవాళ్ళకీ రాశాను. స్టీలు జాలీ వేసి పంపితే ఇదే మిద్దెమీద, ఇదే తూకంతో మళ్ళీ తూచి చూపిస్తాను. ఇప్పటికే కొన్నవాళ్ళు మాత్రం ఈ రోజే పిన్నులు పీకి, జాలీ తడిపి బిగించుకోండి. ఉంటానండీ.