మంగోలియా బైక్ ట్రిప్: 16 రోజుల సెలవు, 10 రోజుల రైడు, మా ప్లాన్‌కి మా రివ్యూ

నమస్తే అండీ. ఈ ఛానల్‌లో ఇప్పటిదాకా బైకులు, హెల్మెట్లు, టైర్లు రివ్యూ చేశాను. ఈసారి ఒక ఎక్సెల్ షీటును రివ్యూ చేస్తున్నాను. నవ్వకండి, నిజమే. మంగోలియా గడ్డి మైదానాల్లో బైక్ మీద తిరగడానికి నేనూ మా బావమరిదీ ఆరు నెలలు కూర్చుని తయారుచేసిన ప్లాన్ అది. వెళ్లొచ్చాం. ఆ షీట్లో ఏది నిలబడింది, ఏది మట్టి దారి ఎక్కగానే చిరిగిపోయింది, ఇవాళ అదే చెప్తాను.

ముందు టైం సంగతి. ఇద్దరివీ ఉద్యోగాలే. 10 రోజుల లీవు దొరికింది. అటూ ఇటూ శని, ఆదివారాలు కలిపితే 16 రోజులు. వినడానికి బాగానే ఉంది. కానీ హైదరాబాద్ నుంచి మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌కి నేరుగా విమానం లేదు, మధ్యలో మారాలి. రానూపోనూ 4 రోజులు రాసుకున్నాం. బైకులు తీసుకుని సరిచూసుకోవడానికి ఒక రోజు, తిరిగి అప్పగించడానికి ఇంకో రోజు. చేతిలో మిగిలింది 10. రూట్ గీసేటప్పుడు ఈ 10ని చూసి గీయాలి. మేం 16ని చూసి గీశాం, అక్కడే మొదటి తప్పు.

"మన బండి మీదే వెళ్లొచ్చు కదా అన్నా" అని చాలామంది అడిగారు. వెళ్లొచ్చు, ఉద్యోగం మానేస్తే. చైనా మీదుగా విదేశీ బండి నడపాలంటే ముందస్తు అనుమతులు కావాలి, వెంట అక్కడి గైడు ఉండాలి. ఓడలో పంపితే బండి ఎప్పుడు చేరుతుందో చూస్తూ కూర్చోవాలి. రెండు వారాల సెలవు ఉన్నవాడికి ఉలాన్‌బాతర్‌లో అద్దె బండి ఒక్కటే దారి.

ఇదిగో, ఇది మా మొదటి మ్యాప్. (మ్యాప్ చూపిస్తూ) ఉలాన్‌బాతర్ నుంచి కిందికి గోబీ ఎడారి. అక్కడి ఇసుక దిబ్బలు చూసుకుని పైకి ఒర్ఖోన్ లోయ. అక్కణ్నుంచి ఇంకా పైకి, రష్యా సరిహద్దు దాకా పాకే ఖోవ్స్‌గోల్ సరస్సు. మొత్తం 2,600 కిలోమీటర్లు. 10తో భాగిస్తే రోజుకు 260. "బావా, విజయవాడ అంత దూరం కూడా లేదు. పొద్దున టిఫిన్ చేసి బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి దిగిపోతాం" అన్నాడు మావాడు. నేను కూడా తలూపాను.

అక్కడ అంతకుముందు తిరిగొచ్చిన ఒకాయనకి ఈ షీటు పంపాం. ఒక్కటే ప్రశ్న తిరిగొచ్చింది: ఇందులో తారు ఎంత, మట్టి ఎంత? మా షీట్లో హోటల్ ఖర్చుకి కాలమ్ ఉంది, చిప్స్ ప్యాకెట్లకి కూడా ఉంది. ఆ కాలమ్ మాత్రం లేదు.

ఆ మట్టి అంటే ఏమిటో ఇక్కడ కూర్చుంటే తెలియదు. మంగోలియా విస్తీర్ణం 15.6 లక్షల చదరపు కిలోమీటర్లు, మన దేశంలో దాదాపు సగం. జనం 35 లక్షలు. వాళ్లలో సగానికి దగ్గరగా రాజధానిలోనే ఉంటారు. మిగిలిందంతా గడ్డి, గాలి, గుర్రాలు. మ్యాప్‌లో ఒక గీతగా కనిపించే రోడ్డు దగ్గరికి వెళ్లేసరికి ఎనిమిదో పదో చక్రాల గాడులుగా విడిపోతుంది. ఒక గాడి లోతైపోతే జీపులవాళ్లు పక్కనుంచి కొత్తది వేసుకుంటారు, అది పాడైతే ఇంకొకటి. మన ఊళ్లో చెరుకు బళ్లు తిరిగిన పొలం గట్టును అర కిలోమీటరు వెడల్పున ఊహించుకోండి. ఏది ఎటు పోతుందో తెలియదు. రెండు గాడులు పది నిమిషాలు పక్కపక్కనే నడిచి, మెల్లగా విడిపోయి రెండు వేర్వేరు లోయల్లోకి దిగుతాయి. మా ఇద్దరికీ ఒకసారి అలాగే అయింది. నా పక్కనే వెళ్తున్నవాడు కాసేపటికి గుట్ట అవతల చిన్న దుమ్ముచుక్కలా కనిపించాడు.

అందుకని కిలోమీటర్ల కాలమ్ తీసేసి గంటల కాలమ్ పెట్టాం. తారు మీద ఆగుతూ పోతూ గంటకు 60. ఎండిన మట్టి మీద 30. వాన పడిన మట్టి మీద 15 వేసుకోండి, అది కూడా మీరు పడిపోకుండా ఉంటే. రోజుకు 7 గంటలకు మించి బండి మీద ఉండకూడదనుకున్నాం. ఆగస్టులో అక్కడ రాత్రి 8 దాటినా వెలుతురు ఉంటుంది, అది చూసి "ఇంకో రెండు గంటలు తోలదాం" అనిపిస్తుంది. ఆ రెండు గంటల్లోనే చేతులు పట్టు తప్పుతాయి. ఈ లెక్కలన్నీ వేశాక గోబీ ఎగిరిపోయింది. మావాడు రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

చివరికి మిగిలిన రూట్ ఇది. ఉలాన్‌బాతర్ నుంచి ఖార్ఖోరిన్, సుమారు 370 కిలోమీటర్లు, తారు. అక్కణ్నుంచి ఒర్ఖోన్ జలపాతానికి వెళ్లి రావడం, మట్టి. తర్వాత త్సెత్సెర్లెగ్, తరియాత్ దగ్గరి తెల్ల సరస్సు, కొండల మీదుగా మురున్, ఖోవ్స్‌గోల్ ఒడ్డున ఖత్గల్. వెనక్కి బుల్గన్, ఎర్దెనెత్ మీదుగా తారు రోడ్డు. గంటల లెక్కన 8 రోజుల పని. మిగతా 2 రోజులకి షీట్లో ఏమీ రాయలేదు, ఖాళీగా ఉంచాం. ప్లాన్ మొత్తానికి నేను ఎక్కువ మార్కులు ఇచ్చేది ఆ రెండు ఖాళీ గడులకే. ఎందుకో చెప్తాను, ముందు బండి.

నేను తీసుకున్నది రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411. అక్కడ కూడా మన బండి అద్దెకు దొరికితే వదలబుద్ధి కాలేదు. మావాడు హోండా ఎక్స్ఆర్ 250 టోర్నాడో తీసుకున్నాడు. తారు మీద నేను రాజునే. 15 లీటర్ల ట్యాంకు, మెత్తటి సీటు, వాడు వెనక నుంచి చూస్తూ రావాల్సిందే. కానీ హిమాలయన్ బరువు 199 కిలోలు. దాని మీద నా సంచులు ఇంకో 20. టోర్నాడో దాదాపు 50 కిలోలు తక్కువ. వాడు బురదలో పడితే వాడే లేపుకునేవాడు. నేను పడితే ఇద్దరం కావాలి. మూడోసారి లేపేటప్పుడు వాడేమీ అనలేదు, కానీ ఆ మొహం చూడాలి. అక్కడి పశువుల కాపరులు తోలేది వీటిలో ఏదీ కాదు, 150 సీసీ చైనా బండి. దాని మీద భార్య, ఇద్దరు పిల్లలు, ఒక గొర్రె. మీ ట్రిప్‌లో మట్టి సగానికి మించితే తేలిక బండి తీసుకోండి. ఆఫ్‌రోడ్ ఎప్పుడూ నడపనివాళ్లు అయితే మరీ.

అద్దె తీసుకునేటప్పుడు నేను చేసిన తప్పు ఒకటి. టైర్లు చూశాను, బ్రేకులు చూశాను, చైన్ చూశాను. టూల్ కిట్ సంచి విప్పి చూశాను, పంక్చర్ ప్యాచ్‌లు ఉన్నాయి, వాటిని అతికించే జిగురు, అదే సొల్యూషన్ ట్యూబు ఉంది. మూత తిప్పి చూడలేదు.

ఆ మూత తిప్పాల్సి వచ్చింది అయిదో రోజు. తరియాత్ నుంచి మురున్‌కి వెళ్లే కొండదారిలో. షీట్లో అది ఒక్క రోజు. ముందు రాత్రంతా వాన. పొద్దున నల్లమట్టి సబ్బులా ఉంది. రెండు వాగులు దాటాం. వాగు దగ్గర మా పద్ధతి ఒకటే: ఒకరు బూట్లతోనే దిగి అవతలికి నడిచి రావాలి, నీళ్లు మోకాలు దాటితే ఆ రేవు వద్దు, ఇంకోటి వెతకాలి. బండి నీళ్లలో పడితే స్టార్ట్ బటన్ జోలికి పోకూడదు, ఇంజన్లోకి నీళ్లు లాగేస్తుంది. ఆ పూట అంతా బాగానే దాటాం. ఎండిన గడ్డి మీదికి వచ్చాక, పచ్చటి మైదానంలో, ఒక్క పదునైన రాయి. ముందు టైరు.

చక్రం విప్పాం. ట్యూబు లాగాం. సొల్యూషన్ మూత తిప్పి నొక్కితే ఏమీ రాలేదు. లోపల గట్టిపడి రబ్బరు ముక్కైపోయింది. స్పేర్ ట్యూబు ఉంది, కానీ వెనక చక్రం సైజుది. ముందుది 21 అంగుళాలు, వెనకది 17. ఇద్దరం ఆ ట్యూబును చేతిలో పట్టుకుని అలా కూర్చున్నాం. ఫోన్లో సిగ్నల్ లేదు.

ఎక్కడా మనిషి లేని చోట అరగంటకి ఒక మనిషి వచ్చాడు. ఎక్కణ్నుంచి మమ్మల్ని చూశాడో ఇప్పటికీ తెలియదు. 150 సీసీ బండి, ముందు ట్యాంకు మీద నాలుగేళ్ల పాప. ఏమీ అడగలేదు. సీటు కింద నుంచి గుడ్డ మూట తీశాడు. అందులో పాత ట్యూబు ముక్కలు, ఒక చిన్న జిగురు డబ్బా, అరిగిపోయిన ఇసుక కాగితం. ట్యూబును చెంప దగ్గర పెట్టుకుని గాలి ఎక్కడ తగులుతుందో చూశాడు. గీకాడు, పూశాడు, ఊదాడు, ఆగాడు. ఆ ఆగడం చాలాసేపు ఆగాడు. మన పంక్చర్ షాపులో కూడా ముసలాయన అలాగే ఆగుతాడు చూడండి, తొందరపడితే ప్యాచ్ లేచిపోతుందని. తర్వాత టైరు అంచును బూటు మడమతో రిమ్ములోకి తొక్కేశాడు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. పాపకి మా అమ్మ ఇచ్చిన సున్నుండ ఇచ్చాం. ఒక్క ముక్క కొరికి, మిగతాది జేబులో పెట్టుకుంది.

ఆ రాత్రి జర్గలంత్ దాకానే చేరాం. మురున్ మర్నాడు సాయంత్రానికి. ఒక ఖాళీ గడి అక్కడ ఖర్చయింది. ఆ గడి లేకపోయి ఉంటే చీకట్లో, వానలో, అతికించిన ట్యూబుతో తోలుకుంటూ పోయేవాళ్లం, విమానం టికెట్ గుర్తొచ్చి.

ఇప్పుడు కాగితాల సంగతి, ఇది బోరు కొట్టినా వినండి. మన ఆర్టీఏ ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఉంటుంది. మంగోలియా చేరింది 1968 వియన్నా ఒప్పందంలో, అంటే మన పర్మిట్ అక్కడ చెల్లుతుందన్న గ్యారంటీ లేదు. అద్దె షాపువాడు పర్మిట్ చూసి తలూపుతాడు, అది వాడి వ్యాపారం. ప్రమాదం జరిగితే క్లెయిమ్ చూసేది ఇన్సూరెన్స్ కంపెనీ. అందుకని ఈ పర్మిట్‌తో, ఇన్ని సీసీల బండి మీద, మట్టి రోడ్డుపై కవరేజీ ఉందా లేదా అని వాళ్లతో ఈమెయిల్‌లో రాయించుకోండి. ఫోన్లో "ఉంది సార్" అంటారు. ఈమెయిల్‌లో రాయమనండి.

రెండోది, శాటిలైట్ మెసెంజర్. సిగ్నల్ లేని చోట ఎస్ఓఎస్ పంపేది. గార్మిన్ ఇన్‌రీచ్ లాంటివి మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా దగ్గర పెట్టుకోకూడదు. ఇక్కడ కొని బ్యాగులో వేసుకుంటే ఎయిర్‌పోర్టులోనే ట్రిప్ అయిపోతుంది. అక్కడే అద్దెకు తీసుకుని అక్కడే ఇచ్చేసి రండి. డిపాజిట్ కింద పాస్‌పోర్టు అడిగితే మాత్రం ఇవ్వొద్దు, నగదు ఇవ్వండి.

పెట్రోల్ గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. మంగోలియాలో 21 అయిమగ్‌లు ఉన్నాయి, జిల్లాలనుకోండి. వాటి కింద 330 సుమ్‌లు, మన మండలాల్లాంటివి. సుమ్ కేంద్రంలో సాధారణంగా బంకు ఉంటుంది, ఏఐ-92 రకం పెట్రోల్ దొరుకుతుంది. ట్యాంకు సగానికి వచ్చిందా, కనిపించిన బంకులో నింపేయండి. చేతిలో తుగ్రుగులు, అంటే అక్కడి డబ్బు, ఉంచుకోండి, రూపాయికి సుమారు 40 వస్తాయి. రోడ్డుకు కుడి పక్కన నడపాలి, అది మర్చిపోకండి. మట్టి దారి నుంచి తారు ఎక్కేటప్పుడు మన చెయ్యి అలవాటుగా ఎడమకే పోతుంది.

తిండి: మాంసం తినేవాళ్లకి ఏ బాధా లేదు. నేను శాకాహారిని కాదు, అయినా ఆరో రోజుకి కందిపొడి డబ్బా ఒళ్లో పెట్టుకుని పడుకున్నాను. టీలో ఉప్పు వేస్తారు. మొదటి గుక్క షాకు, రెండో రోజు నుంచి చలికి అదే కావాలనిపిస్తుంది. గెర్ అంటే వాళ్ల గుండ్రటి గుడారం. దగ్గరికి వెళ్తూ "నొఖోయ్ ఖోర్" అని అరవాలి, కుక్కను పట్టుకోండి అని అర్థం. కుక్క లేకపోయినా అలాగే అంటారు, ఇంట్లో ఎవరున్నారండీ అన్నట్టు. గడప తొక్కకూడదు, ఇది మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. కొండ కనుమల్లో రాళ్ల కుప్పలు ఉంటాయి, ఓవో అంటారు. దాని చుట్టూ కుడివైపుగా మూడు ప్రదక్షిణలు చేస్తారు. మావాడు చెప్పకుండానే బండి ఆపి చేశాడు.

ఖార్ఖోరిన్‌లో ఎర్దెనే జూ మఠానికి గంటన్నర రాసుకున్నాం, మూడు గంటలు పట్టింది. 16వ శతాబ్దపు మఠం, ప్రహరీ మీద 108 స్తూపాలు. 108 అనగానే మావాడు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మూడు వైపులా తిరిగి మధ్యలో తప్పిపోయి మళ్లీ మొదలుపెట్టాడు. ఒర్ఖోన్ జలపాతం బాగుంది, కానీ దానికి పోయే దారిలో నల్లటి లావా రాళ్లు నా నడుము తీశాయి. టైం తక్కువుంటే నేనైతే అది వదిలేస్తాను. ఖోవ్స్‌గోల్ మాత్రం వదలొద్దు. 136 కిలోమీటర్ల పొడవు, 262 మీటర్ల లోతు, ఒడ్డున నిలబడితే అడుగున రాళ్లు లెక్కపెట్టొచ్చు. రెండో ఖాళీ రోజు అక్కడే, ఇద్దరం బండి ముట్టుకోకుండా గడిపాం. నీళ్లలో కాళ్లు పెట్టి మావాడు "బావా, గోబీ పోతే పోయింది" అన్నాడు. అది నేను రికార్డ్ చేసి ఉంచుకున్నాను.

రూట్ ఫైలు కింద డిస్క్రిప్షన్‌లో పెట్టాను, షీటు కూడా, గంటల కాలమ్‌తో సహా. జర్గలంత్ దాటాక ఎర్ర గీత ఒకటి కనిపిస్తుంది. మ్యాప్‌లో 12 కిలోమీటర్లు కలిసొస్తాయి, పైకి పచ్చగా ఉంటుంది, కింద అంతా చిత్తడి. నేను మూడోసారి పడింది అక్కడే. దాంట్లోకి వెళ్లకండి.