ఆ స్టార్ ఎవరిది?

అందరికీ నమస్కారం. భోజనం చేసి వచ్చి సీ భాషలో పాయింటర్ల మీద, అంటే మెమరీలో ఇంకోదాని అడ్రస్ దాచుకునే వేరియబుల్స్ మీద, ప్రసంగం వినాలంటే నిద్ర రావడం మీ తప్పు కాదు. అందుకే మెమరీ గళ్లు, బాణాల బొమ్మలు ఇవాళ గీయను. అవి మీ మాస్టార్లు ఈపాటికే గీసి ఉంటారు. నేను చూసినంతలో చాలామందికి భయం పాయింటర్ అంటే కాదు, దాన్ని డిక్లేర్ చేసిన లైను అంటే, అంటే దాని టైపునీ పేరునీ చెప్పే లైను.

బోర్డు చూడండి.

ఇంట్* ఎ, బి;

ఇందులో పాయింటర్లు ఎన్ని? రెండు అన్నవాళ్లు చేతులెత్తండి. సిగ్గుపడకండి, ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ రెండే అనుకున్నాను. ఎ ఒక్కటే పాయింటర్. బి మామూలు ఇంట్, అంటే పూర్ణసంఖ్య. నేను బి లో ఒక అడ్రస్ పెట్టి, దాన్ని వేరే ఫంక్షన్‌కి పంపాను. కంపైలర్ వార్నింగ్ ఇచ్చింది. వార్నింగే కదా అని వదిలేశాను. 8 బైట్ల అడ్రస్ 4 బైట్ల ఇంట్‌లో ఎలా పడుతుంది? సగం తెగిపోయింది. ప్రోగ్రామ్ ఎందుకు పడిపోతోందో తెలుసుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

ఆ స్టార్ గుర్తు (*) ముందున్న టైపుది కాదు, తర్వాతున్న పేరుది. ఖాళీ ఎటు వదిలినా కంపైలర్‌కి పట్టదు.

ఇలా ఎందుకు పెట్టారు? 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ సీ భాషను తయారుచేస్తున్నప్పుడు ఒక సూత్రం పెట్టుకున్నారు: వస్తువును ప్రోగ్రామ్‌లో ఎలా వాడతామో, డిక్లరేషన్ కూడా అలాగే కనపడాలి. కాబట్టి 'ఇంట్ *పి' అంటే, తర్వాత ఎక్కడైనా '*పి' అని రాస్తే ఇంట్ వస్తుందని అర్థం. వాడుకకు ముందే ఒక నమూనా చూపిస్తున్నారన్నమాట.

ఇక గొడవంతా ఈ రెండు లైన్ల దగ్గర.

ఇంట్ *ఎ[3];
ఇంట్ (*ఎ)[3];

పేరుకి కుడివైపున్న బ్రాకెట్లకు ఎడమవైపు స్టార్ కంటే బలం ఎక్కువ. మొదటి లైనులో [3] ముందు ఎ ని పట్టుకుంటుంది. కాబట్టి ఎ ఒక అర్రే, అంటే ఒకే రకం వస్తువుల వరుస, అందులో మూడు పాయింటర్లు. రెండో లైనులో స్టార్‌కి కంచె కట్టాం, అది ముందు పట్టుకుంటుంది. ఎ ఒకే ఒక పాయింటర్. పాయింటర్ 8 బైట్లుండే మెషీన్‌లో సైజాఫ్ (ఎన్ని బైట్లని) అడిగితే మొదటిదానికి 24, రెండోదానికి 8 వస్తుంది. ఇంటికెళ్లి చూసుకోండి.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న అసలు సంగతి. ఇంగ్లీషు పుస్తకాలు పేరు దగ్గర మొదలుపెట్టి బయటికి చదవమంటాయి, ఎందుకంటే ఇంగ్లీషులో 'ఇల్లు' అని ముందు చెప్పి, అది ఎక్కడుందో తర్వాత చెబుతారు. మనం 'సందు చివర ఉన్న ఇల్లు' అంటాం. మనకు ఇల్లు చివర్లో వస్తుంది. సీ లో కూడా టైపు ముందు, పేరు తర్వాత. అందుకే మామూలు పాయింటర్లను తెలుగులో ఎడమ నుంచి కుడికి తిన్నగా చదివేయొచ్చు.

'చార్ *కాన్‌స్ట్ పి': చార్‌ని చూపే, మారని పాయింటర్, పి. 'కాన్‌స్ట్ చార్ *పి': మారని చార్‌ని చూపే పాయింటర్, పి. మొదటిదానిలో పాయింటర్‌ని ఇంకోచోటికి తిప్పలేం. రెండోదానిలో తిప్పొచ్చు, కానీ దాని ద్వారా ఆ అక్షరాన్ని మార్చలేం. ఇంటర్వ్యూల్లో తడబడే ప్రశ్న ఇది. తెలుగులో చదివితే రెండు సెకన్ల పని.

కుడివైపు బ్రాకెట్లు వస్తే మాత్రం ఒక మెట్టు ఎక్కువ. పేరు నుంచి బయటికి దారి గుర్తుపట్టండి, చెప్పేటప్పుడు ఆ దారినే వెనక్కి నడవండి. 'ఇంట్ (*ఎ)[3]': పేరు, స్టార్, [3], ఇంట్. వెనక్కి వస్తే: ఇంట్‌లు మూడున్న అర్రేని చూపే పాయింటర్, ఎ.

డేటాని వరుసలో పేర్చే సీ ఫంక్షన్ క్యూసార్ట్‌కి మనం ఇచ్చే చివరి ఆర్గ్యుమెంట్ కూడా అంతే. 'ఇంట్ (*కంపేర్)(కాన్‌స్ట్ వాయిడ్ *, కాన్‌స్ట్ వాయిడ్ *)': మారని డేటాని చూపే రెండు పాయింటర్లు తీసుకుని ఇంట్ ఇచ్చే ఫంక్షన్‌ని చూపే పాయింటర్, కంపేర్. పొడుగ్గా ఉంది, నిజమే. కానీ ఊపిరి ఆగకుండా చెప్పగలిగే ఒకే వాక్యం. స్టార్ చుట్టూ ఆ బ్రాకెట్లు తీసేస్తే, ఇంట్ పాయింటర్‌ని ఇచ్చే మామూలు ఫంక్షన్ అయిపోతుంది.

ఈ బ్రాకెట్ల బాధకు కారణం స్టార్ పేరుకి ముందు రావడమే. పాస్కల్ అనే ఇంకో భాషలో ఇదే పని చేసే గుర్తు (^) వాడుకలో పేరు తర్వాత వస్తుంది. స్టార్ కూడా వెనకే వచ్చి ఉంటే చాలా డిక్లరేషన్లు తేలికయ్యేవని కంప్యూటర్ శాస్త్రవేత్త రవి సేథీ గమనించారు. 1993లో సీ చరిత్ర రాసినప్పుడు రిచీ స్వయంగా ఆ మాట ప్రస్తావించారు. తన భాషలో లోపాన్ని తనే చెప్పుకోవడం నాకు నచ్చింది. కానీ సేథీ గమనించేసరికే ఆలస్యమైంది, సీ లో రాసిన యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ అంతా ఆ స్టార్లతోనే నిండిపోయింది.

అందుకే నా కోడ్‌లో నేను రెండు పద్ధతులు పాటిస్తాను. ఒక లైనులో ఒకే పాయింటర్. ఫంక్షన్ పాయింటర్ రెండోసారి అవసరమైతే వెంటనే టైప్‌డెఫ్, అంటే ఆ టైపుకి ఒక సొంత పేరు. తెలివితేటలు చూపించుకోవడానికి వేరే చోట్లున్నాయి.

సరే, టీ వచ్చినట్టుంది. వెళ్లేముందు ఇది బోర్డు మీద వదిలేస్తున్నాను.

చార్ *(*ఎక్స్[5])(ఇంట్);

తెలుగులో ఒకే వాక్యంలో చెప్పాలి, చివరి మాట ఎక్స్ కావాలి. ముందు చెప్పినవాళ్ల టీ డబ్బులు నావి.