ఫోన్ ఎత్తే మనిషి జీతం

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, నన్ను పిలిచిన మిత్రులకు కృతజ్ఞతలు. నాకిచ్చిన అంశం ‘నమ్మకం మీద నడిచే గ్రాంట్లు’, అంటే సేవాసంస్థలను నమ్మి దాతలు ఇచ్చే డబ్బు. చరిత్ర, సూత్రాలు, ఉదాహరణలు అని వరుసగా రాసుకొచ్చాను. ఎంతవరకు ఆ వరుసలో వెళ్లగలనో చూద్దాం.

ఈ ఆలోచనకు ఒక పేరు, ఒక వేదిక ఏర్పడింది 2020 జనవరిలో. అమెరికాలో మూడు ఫౌండేషన్లు, అంటే సేవాసంస్థలకు డబ్బిచ్చే దాతృత్వ సంస్థలు, కలిసి ‘ట్రస్ట్ బేస్డ్ ఫిలాంత్రపీ ప్రాజెక్ట్’ (నమ్మకం మీద నడిచే దాతృత్వం) మొదలుపెట్టాయి. వాళ్లు అడిగింది కొత్త విషయమేమీ కాదు. డబ్బు ఒక్క ఏడాదికి కాకుండా కొన్నేళ్ల పాటు ఇవ్వండి. ఏ పద్దు కింద ఖర్చు పెట్టాలో పనిచేసేవాళ్లకే వదిలేయండి. కాగితాలు తగ్గించండి. ఒక సంస్థ గురించి తెలుసుకోవాల్సిన శ్రమ ఇచ్చేవాళ్లే పడండి. రెండు నెలలు తిరక్కుండానే కరోనా వచ్చింది. వందల ఫౌండేషన్లు షరతులు సడలిస్తామని, పాత గ్రాంట్ల డబ్బును అవసరమైన పనికి మళ్లించుకోనిస్తామని సంతకాలు చేశాయి. అంతవరకూ కుదరదన్న పని ఒక్కసారిగా కుదిరింది.

‘మళ్లించుకోవడం’ అన్నాను కదా, ఆ మాట అన్నాక మా వ్యాన్ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను.

మాది తొమ్మిది మంది సంస్థ. ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లి, మళ్లీ ఇంట్లో దింపడం మా పని. ఒక ఫౌండేషన్ మాకు గ్రాంటిచ్చింది. అందులో ‘శిక్షణ’ పద్దు కింద డబ్బు మిగిలి ఉంది. వ్యాన్ గేర్‌బాక్స్ పోయింది. బ్యాంకులో డబ్బుంది, వ్యాన్ కదలదు. ఆ డబ్బు రిపేరుకు వాడుకుంటామని ఉత్తరం రాశాం. సవరించిన బడ్జెట్ పంపమన్నారు, పంపాం. కారణం వివరంగా రాయమన్నారు, రాశాం. అనుమతి వచ్చేసరికి ఆరు వారాలు పట్టింది.

ఆ ఆరు వారాలూ డయాలిసిస్ ఆగదు కదండీ! వారానికి మూడుసార్లు వెళ్లాల్సిన మనిషికి ‘మీ ఫైలు పరిశీలనలో ఉంది’ అని ఎలా చెబుతాం? ఎవరి జేబులోంచి వాళ్లం తీసి బాడుగ బండ్లు మాట్లాడాం. అందరికంటే ఎక్కువ పెట్టింది మా ఆఫీసులో ఫోన్లు ఎత్తే ఆవిడ. ఏ తాతగారికి ఏ చెవి వినపడదో, ఎవరింటికి వెనక గుమ్మం నుంచి వెళ్లి పిలవాలో ఆవిడకు తెలుసు. అదంతా ఒక నోటుపుస్తకంలో రాసుకునేది. ఆవిడ జీతం మాత్రం ‘పరిపాలన ఖర్చు’ కింద పడింది. దానికి గ్రాంటులో పరిమితి ఉంది. రెండో ఏడాది ఆ పరిమితి ఇంకా తగ్గింది. ఆవిడ వేరే ఉద్యోగం చూసుకుంది. నేను ఆపలేకపోయాను. ఏమని ఆపను?

అయ్యా, అమ్మా, ముందు వరుసలో కూర్చున్న ఫౌండేషన్ల వాళ్లను అడుగుతున్నాను. ఫోన్ ఎత్తే మనిషి లేకుండా సేవ ఎలా జరుగుతుంది? అది అదనపు ఖర్చు ఎలా అవుతుంది?

మళ్లీ ఉదాహరణల దగ్గరికి వస్తాను. అమెరికాలో పెద్ద దాత మెకెంజీ స్కాట్ పేరు మీకు తెలుసు. 2023లో ఆవిడ తరఫున, ప్రజల మధ్య పనిచేసే 250 సంస్థలకు తలా 10 లక్షల డాలర్లు ఇస్తామని ప్రకటించారు. 6,353 దరఖాస్తులొచ్చాయి. మొదటి విడతలో వాటిని చదివి మార్కులు వేసింది దరఖాస్తు చేసుకున్న తోటి సంస్థలే. ఏ పని ఎంత కష్టమో వాళ్లకు తెలుసు కదా. 2024 మార్చిలో చివరికి ఇచ్చింది 361 సంస్థలకు, మొత్తం 64 కోట్ల డాలర్లు. ఎలా ఖర్చు పెట్టాలన్న షరతు లేదు. అయితే ఒక్క మాట. అందులో దరఖాస్తు చేయాలంటే సంస్థ ఏడాది బడ్జెట్ కనీసం 10 లక్షల డాలర్లు ఉండాలి. మాలాంటి తొమ్మిది మంది సంస్థలు అక్కడిదాకా కూడా వెళ్లలేవు. మా వరకు రావాల్సింది మీలాంటి చిన్న, మధ్య తరహా దాతలే.

నమ్మితే లెక్కలు అడగకూడదా అని కొందరు నన్ను అడుగుతారు. అడగాలి, తప్పకుండా అడగాలి. మా బ్యాంకు లెక్కలు, ఆడిట్ రిపోర్టు ఎప్పుడైనా చూడండి. ఒకే ఆడిట్‌ను ఐదుగురు దాతల కోసం ఐదు రకాల ఫారాల్లో నింపించకండి. ఏడాదికోసారి వచ్చి మాతో ఒక పూట వ్యాన్‌లో తిరగండి. మోసం చేసేవాడు మీ ఇరవై పేజీల ఫారం మాకంటే బాగా నింపుతాడు. వ్యాన్ నడవకపోతే మాత్రం ఒక్క పూటలో తెలిసిపోతుంది.

సూత్రాలు ఇంకా నాలుగు పేజీలున్నాయి, వాటిని వదిలేస్తున్నాను. మా ఫోన్లు ఎత్తే ఆవిడ ఉద్యోగం మాని వెళ్లేటప్పుడు ఆ నోటుపుస్తకం నాకిచ్చింది. ఇవాళ తెచ్చాను. విరామంలో ఈ బల్ల మీద పెడతాను. గ్రాంట్ల ఫారాలు తయారుచేసేవాళ్లు దయచేసి ఒక పది నిమిషాలు తిరగేయండి.