అనంతపురంలో కూర్చుని మిన్నెసోటా చలికి సర్దుకుంటున్నాం

నమస్కారం అందరికీ. ఈసారి వ్లాగ్ అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలో నేనుండే మిన్నియాపొలిస్ నుంచి కాదు, అనంతపురంలో మా చిన్నమ్మ వాళ్ళ ఇంటి నుంచి. మా చిన్నమ్మ కొడుక్కి మిన్నెసోటాలో ఎంఎస్ సీటు వచ్చింది. ఎక్కువమంది ఆగస్టులో వెళ్తారు, వీడికేమో జనవరి సెమిస్టర్ దొరికింది. అంటే ఆ రాష్ట్రంలో ఏడాది మొత్తంలో చలి ఎక్కువగా ఉండే నెల చూసుకుని మరీ దిగుతున్నాడన్నమాట. డిసెంబర్లో తెల్లారి 16 డిగ్రీలుంటేనే రెండు దుప్పట్లు కప్పుకునే పిల్లోడు.

ముందు భయం సంగతి తేల్చేద్దాం. మిన్నియాపొలిస్‌లో జనవరి నెల సగటు చూస్తే పగలు మైనస్ 5, రాత్రి మైనస్ 13 దాకా ఉంటుంది. నేను సెల్సియస్‌లో చెప్తున్నా. అక్కడ వార్తల్లో ఫారన్‌హీట్‌లో చెప్తారు, కాబట్టి 'ఇవాళ 10 డిగ్రీలు' అని వింటే సంబరపడకండి, మన లెక్కలో అది మైనస్ 12. 2019 జనవరి 30న అయితే మైనస్ 33కి పడిపోయింది, గాలి కూడా కలిస్తే ఒంటికి తెలిసే చలి మైనస్ 45 దాటింది. ఆ రోజు పోస్టల్ శాఖ ఉత్తరాల బట్వాడా కూడా ఆపేసింది. అలాంటి రోజులు ఏటా రావు. వచ్చినా నాలుగైదు రోజులుండి పోతాయి. ఆ కాసిని రోజుల్ని తలుచుకుని ఇక్కడ ఇంటిల్లిపాదీ టెన్షన్ పడుతున్నారు.

కెమెరా మంచం వైపు తిప్పుతున్నా, చూడండి. స్వెటర్లు లెక్కపెట్టడం మానేశా. రోడ్డు పక్కన చలికాలం కొట్లు పెట్టినప్పుడల్లా చిన్నమ్మ ఒకటి కొనేసిందట. దానికి తోడు ఒక ఉన్ని రగ్గు. ఆ రగ్గొక్కటే సగం సూట్‌కేసు తినేస్తుంది. "ఇవన్నీ యాడ పెట్టాల మే?" అని నన్నే అడుగుతోంది. చిన్నమ్మా, ఇందులో రెండు చాలు, మిగతావి బీరువాలోకి.

కారణం ఏంటంటే, అక్కడ ఇల్లు, బస్సు, క్లాసు, షాపు అన్నీ వెచ్చగానే ఉంటాయి. లోపల 20, 21 డిగ్రీలుంటాయి. లావు స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని వెళ్తే క్లాసులో చెమటలు కారతాయి, ఆ చెమటతో బయటికొస్తే అసలు చలి అప్పుడు తెలుస్తుంది. తడి ఒంటి మీద ఉంటే ఎన్ని బట్టలేసుకున్నా లాభం లేదు. అందుకే ఒంటికి తగిలే మొదటి వరస కాటన్ అస్సలు వద్దు. కాటన్ చెమట పీల్చుకుని అలాగే పట్టుకుంటుంది. ఉన్నివో పాలిస్టర్‌వో థర్మల్స్ తీసుకోవాలి. అవి ఇక్కడే దొరుకుతాయి, ధర కూడా తక్కువే, కొనే ముందు లేబుల్ చూడండి. వాటి మీద ఒక ఫ్లీస్, అంటే మెత్తటి నూగు జాకెట్. పైన గాలి, తడి చొరబడని కోటు. పలచటివి మూడు వరసలుంటే లోపలికెళ్ళగానే ఒక్కొక్కటే తీసేయొచ్చు. ఆ పై కోటు, మంచు బూట్లు మాత్రం ఇక్కడ కొనొద్దు. ఆ చలికి తగ్గవి మన ఊళ్ళో ఎందుకమ్ముతారు? అక్కడ సెకండ్ హ్యాండ్ షాపుల్లో కూడా మంచి కోట్లు దొరుకుతాయి.

చిన్నమ్మ కొన్నవాటిలో నేను మారు మాట లేకుండా సూట్‌కేసులో పెట్టింది మంకీ క్యాప్. ఫోటోల్లో బాగుండదని వీడి గొడవ. రేయ్, మైనస్ 25లో గాలి కొడుతుంటే అమెరికా వాళ్ళూ అదే ఆకారంలో ముఖం మొత్తం మూసే టోపీ డాలర్లు పోసి కొనుక్కుంటారు. ముక్కు, చెవులు, వేళ్ళే ముందు దెబ్బతింటాయి. గాలితో కలిపి చలి మైనస్ 28 దగ్గరికొస్తే, కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టే ప్రమాదం ఉంది. తెల్లబడి స్పర్శ లేకుండా పోతే గట్టిగా రుద్దకూడదు, మరిగే నీళ్ళల్లో పెట్టకూడదు. లోపలికెళ్ళి గోరువెచ్చటి నీళ్ళల్లో ఉంచి, డాక్టర్‌కి చూపించుకోవాలి. చేతులకి వేళ్ళు విడివిడిగా ఉండే గ్లవ్స్ కంటే నాలుగు వేళ్ళూ ఒకే సంచిలో ఉండే మిటెన్స్ మేలు. ఇంకోటి, తలంటుకుని తడి జుట్టుతో బయటికెళ్ళడం ఇక్కడితో సరి. అక్కడ జుట్టు నిజంగానే గట్టిపడిపోతుంది.

లోపలి గాలి బాగా పొడిగా ఉంటుంది. పెదాలు పగులుతాయి, కొంతమందికి ముక్కులోంచి రక్తం వస్తుంది. వ్యాజిలైన్, కొబ్బరినూనె చాలు. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది డిసెంబర్లో, దాని గురించి వేరే వీడియో చేస్తా.

ఇప్పుడు కారు. వీడికి అసలు ఆత్రం దాని మీదే. నెట్‌లో అప్పుడే ఏవో పాత స్పోర్ట్స్ కార్లు చూసి పెట్టుకున్నాడు. అందుకే పొద్దున్నే ఉగ్గాని, బజ్జి తినేసి, చిన్నాయన కారు రిపేర్ చేయించే షెడ్డుకి వీణ్ణి లాక్కెళ్ళా. మంచు లేకపోతేనేం, నేర్చుకోవాల్సినవి చాలావరకు షెడ్డులోనే ఉన్నాయి.

షెడ్డు భాయ్ బానెట్ ఎత్తగానే నేను మొదట చూపించింది బ్యాటరీ. "మన ఎండకి బ్యాటరీలు తొందరగా పోతాయక్కా, చలికి ఏమైతాది?" అన్నాడు. సరైన మాటే. బ్యాటరీ ఆయుష్షు తినేది వేడి, ఆ సంగతి బయటపెట్టేది చలి. మైనస్ 18 దగ్గర బ్యాటరీ బలం సగం కంటే తక్కువకి పడిపోతుంది. సరిగ్గా అప్పుడే ఇంజన్ తిప్పడానికి ఎక్కువ బలం కావాలి, ఎందుకంటే ఇంజన్ ఆయిల్ చిక్కబడిపోయి ఉంటుంది. ఇది వీడికి ఎక్కలేదు. షెడ్డులో అద్దం పక్కన కొబ్బరినూనె సీసా ఉంది, పొద్దున చలికి పైన తెల్లగా పేరుకుని ఉంది. వంచితే జారలేదు. అదీ సంగతి. అందుకే ఆయిల్ డబ్బా మీద 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 అని రాసి ఉంటుంది. ఆ డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె ఎంత చిన్నదైతే ఆ ఆయిల్ చలిలో అంత తేలిగ్గా పారుతుంది. ఏది పోయాలో కారు మాన్యువల్‌లో ఉంటుంది, సొంత తెలివి వద్దు.

బ్యాటరీ లేబుల్ మీద సీసీఏ అని ఒక అంకె ఉంటుంది. మైనస్ 18లో 30 సెకన్ల పాటు ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే లెక్క అది. అనంతపురంలో దాన్ని ఎవరూ పట్టించుకోరు, పట్టించుకోవాల్సిన పనీ లేదు. అక్కడ పాత కారు కొనేటప్పుడు మాత్రం బ్యాటరీ టెస్ట్ చేయించకుండా డబ్బులివ్వొద్దు.

భాయ్ చేత జంపర్ కేబుల్ పెట్టించి, వీడి చేత మళ్ళీ మళ్ళీ చేయించా. ఎర్ర క్లిప్పు ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్‌కి, రెండో ఎర్రది మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కి. చివరి నల్లది బ్యాటరీకి కాదు, ఆగిపోయిన కారు ఇంజన్ మీద రంగు లేని ఇనుప భాగానికి. బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ రాకూడదని ఆ జాగ్రత్త. ఇంకో మాట, పూర్తిగా ఛార్జింగ్ ఉన్న బ్యాటరీ మైనస్ 50లో కూడా గడ్డకట్టదు, ఛార్జింగ్ అయిపోయింది మాత్రం సున్నాకి కొంచెం కిందికెళ్ళగానే గడ్డకట్టేస్తుంది. పక్కలు ఉబ్బి కనిపిస్తే దానికి జంపర్ పెట్టకూడదు. మా అపార్ట్‌మెంట్లో ఒకాయన సంక్రాంతి సెలవులకని ఇండియా వచ్చి, తిరిగెళ్ళేసరికి బ్యాటరీ డబ్బాలా ఉబ్బి ఉంది.

రేడియేటర్ దగ్గరికొచ్చేసరికి భాయ్‌కి నవ్వొచ్చింది. ఇక్కడ చాలామంది అత్యవసరానికి కుళాయి నీళ్ళు పోసి నడిపేస్తారు. అక్కడ అలా చేస్తే నీళ్ళు గడ్డకట్టి పెరిగి ఇంజన్ బ్లాకునే పగలగొడతాయి. రేడియేటర్‌లో పోసే కూలెంట్ ద్రవం, నీళ్ళు సగం సగం కలిపితే మైనస్ 37 దాకా గడ్డకట్టదు. "అయితే మొత్తం కూలెంటే పోసేస్తే ఇంకా మంచిది గదా?" అన్నాడు వీడు. కాదు. కూలెంట్‌లో ఉండే అసలు సరుకు ఇథిలీన్ గ్లైకాల్, అదొక్కటే ఉంటే మైనస్ 13కే గడ్డకడుతుంది. నీళ్ళు కలిస్తేనే దానికి ఆ శక్తి. భాయ్ కూడా ఇది నమ్మలేదు, ఇద్దరూ ఫోన్లు తీశారు. అద్దం కడిగే నీళ్ళ డబ్బా సంగతీ అంతే. దాంట్లో మామూలు నీళ్ళు కాకుండా మైనస్ 30కి తట్టుకునే నీలం రంగు ద్రవం పోయాలి. హైవే మీద ముందు లారీ, మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పు కలిసిన బురదని అద్దం మీద చిమ్మినప్పుడు అది రాకపోతే ఏమీ కనపడదు.

అద్దం మీద మంచు పేరుకుంటే వేణ్ణీళ్ళు పోయాలని మనవాళ్ళకి మొదట తట్టే ఐడియా. అద్దం పగులుతుంది. గీకే స్క్రేపర్ ఒకటి కారులో ఉండాలి.

టైర్ల గురించి నేను కొంచెం మొండిగా ఉంటా. నాలుగు చక్రాల్నీ ఇంజనే తిప్పే ఆల్ వీల్ డ్రైవ్ కారు కొంటే చాలనుకుంటారు. అది బండిని కదిలించడానికి పనికొస్తుంది, ఆపడానికి కాదు. ఆపేది టైరు. మామూలు టైర్ల రబ్బరు 7 డిగ్రీల కంటే కిందికెళ్తే గట్టిపడి పట్టు తగ్గుతుంది, చలికాలం టైర్ల రబ్బరు మెత్తగానే ఉంటుంది. ఆ టైరు పక్క గోడ మీద మూడు శిఖరాల కొండ, లోపల మంచు పువ్వు బొమ్మ ఉంటుంది, అది చూసి కొనాలి. కెనడాలో క్యుబెక్ రాష్ట్రంలో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా ఇవి లేకుండా కారు నడపడం చట్టవిరుద్ధం. మిన్నెసోటాలో అలాంటి చట్టం లేదు, నా మాట మాత్రం అదే. ముందు చక్రాల్ని మాత్రమే ఇంజన్ తిప్పే మామూలు పాత సెడాన్‌కి మంచి వింటర్ టైర్లు వేయించుకుంటే చాలు, ఆ స్పోర్ట్స్ కారు ముచ్చట తర్వాత. గాలి కూడా చూస్తుండాలి, ఐదారు డిగ్రీల చలి పెరిగితే టైర్లో గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది.

ఇప్పుడు చెప్పేది మాత్రం ఆటకాదు. మంచు తుఫానులో కారు ఇరుక్కుపోతే దిగి నడవడం మొదలుపెట్టొద్దు. కారులోనే ఉండి ఫోన్ చేయాలి. హీటర్ కోసం ఇంజన్ ఆన్ చేసే ముందు దిగి వెనక పొగ గొట్టం చుట్టూ మంచు తీసేయాలి. గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ కారు లోపలికొస్తుంది. దానికి వాసన ఉండదు, నిద్ర వస్తున్నట్టే ఉంటుంది. గంటకి పది నిమిషాలు మాత్రమే ఇంజన్ నడిపి, గాలి రాని వైపు కిటికీ కొంచెం దించి ఉంచాలి. పెట్రోల్ ఎప్పుడూ సగం ట్యాంకు కంటే తగ్గకూడదని చెప్పేది ఇందుకే. డిక్కీలో చిన్న పార, దుప్పటి, టార్చి, జంపర్ కేబుల్, చక్రం కింద చల్లడానికి కొంచెం ఇసుక. తినడానికి ఏం పెట్టాలని చిన్నమ్మ అడిగింది. నేనైతే శెనక్కాయల ఉండలు పెడతా. గడ్డకట్టినా కొరకొచ్చు, బలమూ ఉంటుంది, పాడవవు. అనంతపురం నుంచి తీసుకెళ్ళే దానిలో కారుకి పనికొచ్చేది ఇదొక్కటే అనుకుంటా. చిన్నమ్మ అప్పుడే బెల్లం పాకం పెట్టేసింది.

నడపడం గురించి రెండే మాటలు. మంచు కనపడే రోడ్డు కంటే, తడిసినట్టు నల్లగా మెరిసే రోడ్డు ప్రమాదం. అది తడి కాదు, పలచటి ఐసు, వంతెనల మీద ముందు కడుతుంది. బ్రేకుకి ఏబీఎస్, అంటే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, ఉంటే పంపు కొట్టినట్టు కొట్టకుండా గట్టిగా తొక్కిపెట్టాలి, పెడల్ కాలి కింద గడగడలాడుతుంది, భయపడొద్దు. ఖాళీ పార్కింగ్ స్థలంలో నా కారుతోనే ప్రాక్టీస్ చేయిస్తా.

పార్కింగ్ అంటే గుర్తొచ్చింది. మంచు బాగా పడితే మిన్నియాపొలిస్‌లో స్నో ఎమర్జెన్సీ ప్రకటిస్తారు. మంచు తోసే బండ్ల కోసం మొదటి రోజు రాత్రి 9 నుంచి పొద్దున 8 దాకా పెద్ద రోడ్లు ఖాళీ చేయాలి. రెండో రోజు మిగతా వీధుల్లో సరి సంఖ్య ఇళ్ళ వైపు, మూడో రోజు బేసి సంఖ్య వైపు కారు పెట్టకూడదు. మర్చిపోతే ఫైను, పైగా కారు లాక్కెళ్ళిపోతారు. విడిపించుకోవడానికి పోయే డబ్బుతో ఒక వింటర్ టైరు వస్తుంది.

ఇంతా చెప్పి, వీడికి నా సలహా మొదటి చలికాలం కారు కొనొద్దనే. మొహం మాడ్చుకున్నాడు, చూడండి. గ్రీన్ లైన్ రైలు యూనివర్సిటీ మీదుగా మిన్నియాపొలిస్, సెయింట్ పాల్ రెండు డౌన్‌టౌన్లకీ వెళ్తుంది. మిన్నియాపొలిస్ డౌన్‌టౌన్లో బిల్డింగుల మధ్య అద్దాల వంతెనలు 15 కిలోమీటర్ల దాకా ఉన్నాయి, చలిలోకి రాకుండానే తిరగొచ్చు. కారు సంగతి మార్చి నెల దాటాక చూసుకోవచ్చు.

బెంగళూరులో విమానం ఎక్కేటప్పుడు థర్మల్స్ ఒంటి మీద, ఫ్లీస్, మంకీ క్యాప్, మిటెన్స్ చేతి సంచిలో ఉండాలి. సూట్‌కేసు ఒక రోజు ఆలస్యంగా వస్తే ఎయిర్‌పోర్ట్ తలుపు దాటడానికి అవే దిక్కు. కోటు, బూట్లు నేను ముందుగానే వెళ్ళి కొని అక్కడి ఎయిర్‌పోర్ట్‌కి పట్టుకుని వస్తా. తెలిసినవాళ్ళు ఎవరూ లేనివాళ్ళు అక్కడి తెలుగు సంఘానికో, యూనివర్సిటీ ఇండియన్ స్టూడెంట్స్ గ్రూపుకో ముందే రాయండి, అప్పుగా ఇచ్చేవాళ్ళు ఉంటారు. బూట్లు చెప్పేటప్పుడు జాగ్రత్త, మగవాళ్ళకి ఇక్కడి 9 సైజు అక్కడ 10. లావు సాక్సులకి ఇంకో అర సైజు కలుపుకోవాలి. వీడిది 9, కాబట్టి పదిన్నర రాసుకున్నా. "పాదం పెరుగుతాదా మే ఆడికి పోతే?" అంటోంది చిన్నమ్మ.