మా ఇంటి ఆడవాళ్లందరికీ ఒళ్లు నొప్పులే: ఇది ఫైబ్రోమయాల్జియానా, వంశంలో వచ్చిందా?

నమస్తే అండీ. ఈ వీడియో ముఖ్యంగా ఎవరికంటే, రాత్రంతా పడుకున్నా పొద్దున్న లేచేసరికి ఒళ్లంతా కొట్టినట్టుండి, మెడ పట్టేసి, భుజాలు లాగేసి, పదింటికే మళ్లీ పడుకోవాలనిపించే వాళ్లకి. రక్త పరీక్ష చేయిస్తే "ఏమీ లేదమ్మా, అన్నీ నార్మల్" అని పంపించేస్తారు చూడండి, వాళ్లకి. నేనూ ఆ లిస్టులోనే ఉన్నాను. ఉండేది విజయనగరం, పుట్టిల్లు పలాస వైపు. నాకే కాదు, మా అమ్మకీ ఇదే బాధ, పెద్దమ్మకీ ఇదే. అమ్మనడిగితే నవ్వేసి, "మీ అమ్మమ్మకీ ఇలాగే ఉండీదమ్మా, మన ఇంటి ఆడోల్లకి ఆస్తి కింద ఇవే వచ్చినాయి" అంటుంది.

ఫైబ్రోమయాల్జియా అనే పేరు చదివినప్పటి నుంచి నాకు ఆ మాటే తిరుగుతోంది. నిజంగానే ఆస్తి కింద వస్తుందా?

ముందు జబ్బేంటో రెండు ముక్కల్లో చెప్తాను. ఇందులో కీళ్లు వాయవు, కండరం పాడవదు. మెదడు, వెన్నుపాము నొప్పిని లెక్కగట్టే తీరులోనే తేడా ఉంటుంది. మామూలు మనిషికి నొక్కినట్టు అనిపించేది వీళ్లకి నొప్పిగా తెలుస్తుంది. దానికి తోడు ఎంత నిద్రపోయినా తీరని అలసట, మతిమరుపు, పని మీద ధ్యాస నిలవకపోవడం. ఎక్స్‌రేలో కనపడదు, రక్తంలో కనపడదు. 1990లో పెట్టిన పద్ధతి ప్రకారం ఒంటి మీద 18 చోట్ల నొక్కి చూసి 11 చోట్ల నొప్పి ఉంటే ఇదే అనేవాళ్లు. 2010 తర్వాత అది మారింది. ఇప్పుడు ఒంట్లో ఎన్ని భాగాల్లో నొప్పి ఉంది, నిద్ర, అలసట ఎలా ఉన్నాయి, కనీసం మూడు నెలలుగా ఉందా అని అడిగి తేలుస్తారు.

ఇక వంశం సంగతి. కుటుంబాల్లో కనిపించడం నిజమే. 2004లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. ఫైబ్రోమయాల్జియా ఉన్నవాళ్ల తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో అదే జబ్బు ఎంతమందికి ఉందో చూసి, రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవాళ్ల బంధువులతో పోల్చారు. ఈ జబ్బు ఉన్న ఇళ్లలో అవకాశం ఎనిమిది రెట్లకు పైగా తేలింది. వినగానే గుండె జారుతుంది. కానీ అసలు లెక్క చూస్తే ఆ బంధువుల్లో కూడా వందకు ఆరుగురికే ఉంది, మిగతావాళ్లకి లేదు. ఫలానా జన్యువు వల్లే అని చెప్పడానికి ఒకే జన్యువు లేదు, జన్యు పరీక్ష చేయించుకుని తేల్చుకునేదీ కాదు. వచ్చేది జబ్బు కాదు, నొప్పి త్వరగా పట్టే స్వభావం. అది బయటపడటానికి దెబ్బో, ఇన్ఫెక్షనో, ఏళ్ల తరబడి టెన్షనో, నిద్రలేమో తోడవుతాయి.

ఇక్కడ నాకో అడ్డు ప్రశ్న ఉంది. మా అమ్మ, పెద్దమ్మ ఇద్దరూ జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లినవాళ్లు. పొద్దున్న కూర్చుంటే సాయంత్రం దాకా వంచిన మెడ ఎత్తేవాళ్లు కాదు. ఇంటికొచ్చాక నీళ్లు, వంట, పిల్లలు, అందరూ తిన్నాక మిగిలింది తినడం. మరి వాళ్ల నొప్పులు రక్తంలో వచ్చాయా, పనిలో వచ్చాయా, తిండిలో వచ్చాయా? ఒకే ఇంట్లో బతికినవాళ్లకి జన్యువులూ ఒకటే, పనీ ఒకటే, రక్తహీనతా ఒకటే. "మా వంశమే ఇంత" అని తీర్పు చెప్పేస్తే మందు ఉన్న జబ్బు కూడా అందులో కలిసిపోతుంది.

అందుకే ఫైబ్రోమయాల్జియా అనుకునే ముందు మిగతావి చూడాలి. థైరాయిడ్ మందగిస్తే అచ్చం ఇలాగే ఉంటుంది, అదీ కుటుంబాల్లో నడుస్తుంది, అదీ ఆడవాళ్లకే ఎక్కువ. టీఎస్‌హెచ్ పరీక్ష చేస్తే తెలిసిపోతుంది. హిమోగ్లోబిన్, బీ12, డీ విటమిన్, షుగర్, ఒంట్లో వాపు ఉందేమో చెప్పే ఈఎస్ఆర్ కూడా చూస్తారు. పొద్దున్న వేళ్లు బిగుసుకుపోయి వాస్తుంటే అది కీళ్లవాతం వైపు చూడాల్సిన సంగతి. 2006లో మన రాష్ట్రాన్ని చికున్‌గున్యా ఊపేసింది కదా, ఆ జ్వరం తర్వాత కొంతమందికి కీళ్ల నొప్పులు ఏళ్లపాటు ఉండిపోతాయి. మీ మూలాలు ఏజెన్సీ వైపు ఉంటే సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు, దాని పరీక్ష ఒకసారి చేయించండి. ఒంటి నొప్పుల్లో నిఖార్సుగా వంశపారంపర్యం అంటే అదీ. దాని నొప్పి రోజూ సన్నగా ఉండేది కాదు, ఉన్నట్టుండి వచ్చి మనిషిని పడగొట్టేది, సాధారణంగా చిన్నప్పుడే మొదలవుతుంది. 2023లో కేంద్రం దాని మీద జాతీయ మిషనే మొదలుపెట్టింది.

ఇప్పుడు నాకు కోపం వచ్చే విషయం. మన ఊళ్లలో ఒళ్లు నొప్పి అనగానే ఏం చేస్తాం? మందుల షాపుకెళ్లి "నొప్పుల బిళ్లలు రెండివ్వండి" అంటాం, లేదా ఊళ్లో డాక్టరు గారి చేత సూది వేయించుకుంటాం. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి వాపు తగ్గించే మందులు. ఫైబ్రోమయాల్జియాలో వాపే లేదు, అందుకే వాటితో పెద్దగా ఫలితం ఉండదు. స్టెరాయిడ్ సూదీ అంతే. పైగా ఈ బిళ్లలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. ఇంకెక్కడైనా సరే అనుకోవచ్చు గానీ, కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు, మందస... ఉద్దానం వాళ్లకి నేను కొత్తగా చెప్పాలా? కారణం ఇదీ అని తేలని కిడ్నీ జబ్బుతో ఎంతోమంది పోయిన ఊళ్లున్నాయి. పలాసలో 2023లో కిడ్నీ ఆసుపత్రి తెరవాల్సి వచ్చిందంటే ఊరికే కాదు. అలాంటి చోట కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష, క్రియాటినిన్, ఎంతుందో చూసుకోకుండా నెలల తరబడి నొప్పుల బిళ్లలు మింగడం నాకైతే భయం. మా అమ్మ బిళ్లల డబ్బా నేనే తీసి దాచేశాను, తిట్టింది, తిట్టనీ.

ఫైబ్రోమయాల్జియానే అని తేలితే డాక్టర్లు వేరే మందులు రాస్తారు: ఎమిట్రిప్టిలిన్ చిన్న మోతాదులో, డ్యూలోక్సెటిన్, ప్రీగాబాలిన్ లాంటివి. ఇవి అందరికీ ఒకేలా పనిచేయవు. ఎమిట్రిప్టిలిన్, డ్యూలోక్సెటిన్ డిప్రెషన్‌కి కూడా వాడతారు కాబట్టి "నాకు పిచ్చి అనుకుంటున్నారా" అని చీటీ చింపేయకండి. అన్నిటికంటే గట్టిగా చెప్పేది వ్యాయామం. నొప్పి ఉన్నవాళ్లకి నడవమంటే ఒళ్లు మండుతుంది, నాకూ మండింది. అయినా మా ఊరి అయ్యకోనేరు చెరువు గట్టు మీద కాసేపు నడవడం మొదలుపెట్టాను, నెమ్మదిగా పెంచాలి, ఒక్కరోజే ఊపుగా నడిస్తే మర్నాడు మంచం దిగలేం.

అసలు మనం ఈ వంశం ప్రశ్న ఎందుకు అడుగుతాం అంటే, నాకు తోచింది చెప్తాను. రిపోర్టులు బాగుండి మనిషి బాగోకపోతే ఇంట్లో "బద్ధకం" అంటారు. కోడలైతే మరీను. వంశంలో ఉంది అంటే కనీసం ఆ మాట పడక్కర్లేదు. అది నాకు అర్థమవుతుంది. కానీ వంశంలో ఉన్నా లేకపోయినా వైద్యం ఒకటే. అమ్మకి ఉంది అన్న సమాచారం మాత్రం డాక్టరుకి పనికొస్తుంది, అందుకే వెళ్లేముందు ఇంట్లో పెద్దవాళ్లని నాలుగు మాటలు అడగండి: నొప్పి ఏ వయసులో మొదలైంది, కీళ్లు వాచేవా, థైరాయిడ్ బిళ్ల వేసుకున్నారా, ఎవరికైనా కిడ్నీ పోయిందా. అవి కాగితం మీద రాసుకుని, రెండు వారాలు నిద్ర, నొప్పి ఎలా ఉన్నాయో పక్కనే రాసుకుని తీసుకెళ్లండి. ముందు జనరల్ ఫిజీషియన్ చాలు, అక్కడ తేలకపోతే విశాఖలో రుమటాలజిస్టు, అంటే కీళ్లవాతం డాక్టరు దగ్గరకు. మా అమ్మ జవాబులు నేను రాయడం మొదలుపెట్టాను. థైరాయిడ్ పరీక్ష ఆవిడ జన్మలో ఒక్కసారి కూడా చేయించుకోలేదట.