దయచేసి నీళ్ళు పోయకండి

సభకు నమస్కారం. అధ్యక్షుల వారికీ, కార్యదర్శి గారికీ, పొద్దున్నుంచీ వంటగదిలో పులిహోర కలుపుతున్న అక్కచెల్లెళ్ళకీ, ముందు వరసలో పెద్దలకీ, వెనక నిలబడి ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకీ ఉగాది శుభాకాంక్షలు. నాకిచ్చింది పది నిమిషాలు. నా తరవాత పంచాంగ శ్రవణం ఉంది, సిద్ధాంతి గారు అప్పుడే గడియారం చూస్తున్నారు. అందుకని అసలు సంగతి ముందే చెప్పేస్తాను. ఆ తరవాత మీరు మధ్యలో ఆపేసినా నాకు బాధ లేదు. మన హాలు వెనక కొత్తగా పెట్టిన రాతి తొట్లలో దయచేసి ఎవరూ నీళ్ళు పోయకండి.

నవ్వుతున్నారు. పోయిన వేసవిలో నమూనాకి పెట్టిన మొదటి తొట్టిలో ఎవరో మహానుభావులు వారం వారం చెంబుతో నీళ్ళు పోశారు. అది చాలదన్నట్టు గుప్పెడు మెంతులు చల్లారు. మెంతికూర బ్రహ్మాండంగా వచ్చింది. అందులో నేను నాటిన సాక్సిఫ్రాగాలనే కొండ మొక్కలు కుళ్ళిపోయాయి. ఎవరని నేను అడగను. పప్పు మాత్రం బాగుందని విన్నాను.

ఇవి ఎక్కడి మొక్కలో తెలిస్తే నా గోల అర్థమవుతుంది. ఆల్పైన్ మొక్కలంటే ఎత్తైన కొండల మీద, చెట్లు ఇక పెరగలేని చోట, రాతి పగుళ్ళలో బతికేవి. పైకి చూస్తే రెండంగుళాల ఆకుల ముద్ద. కింద వేరు చాలా లోతుకు దిగుతుంది. చలి వీటికి లెక్క కాదు. కొండ మీద చలికాలమంతా మంచు కప్పుకుని, ఆ మంచు కింద పొడిగా నిద్రపోతాయి. ఇంగ్లండులో మన యార్క్‌షైర్ చలికాలం అలా కాదు కదా. ఇక్కడ మంచు తక్కువ, ముసురు ఎక్కువ. అక్టోబరులో మొదలైన తడి మార్చి దాకా ఆరదు. ఆ తడికే ఇవి మొదలు దగ్గర కుళ్ళిపోతాయి. వీటిని చంపేది చలి కాదండీ, తడి. అందుకే నేలలో కాకుండా, అడుగున చిల్లు ఉన్న తొట్టిలో, ఇటుకల మీద ఎత్తుగా పెడతారు.

ఈ తొట్లు ఎక్కడివంటారా? మన ఊళ్ళో గొడ్ల పాకలో ఉండే కుడితి తొట్టే, ఇంకేం కాదు. ఇక్కడి పొలాల్లో పశువులకీ పందులకీ మేత వేసేవి, నీళ్ళు పెట్టేవి. వంటిళ్ళలో రాతి సింకులు కూడా ఉండేవి. నున్నటి పింగాణీ సింకులు వచ్చాక వాటిని అవతల పారేశారు. 1920ల్లో స్టీవెనేజ్‌లో సిక్స్ హిల్స్ నర్సరీ నడిపిన క్లారెన్స్ ఇలియట్ ఆ పాత రాతి సింకుల్లో కొండ మొక్కలు నాటి, వాటికొక మోజు తెచ్చాడు. 1929లో ఆల్పైన్ గార్డెన్ సొసైటీ పుట్టింది. ఇవాళ ఎడిన్‌బరా బొటానిక్ గార్డెన్‌కి వెళ్ళినా ఆల్పైన్ హౌస్ దగ్గర ఈ తొట్లు వరసగా కనిపిస్తాయి. పారేసిన సింకు ఇప్పుడు పాత సామాన్ల కొట్లో వందల పౌండ్లు పలుకుతోంది. రాత్రికి రాత్రి ఎత్తుకుపోయేవాళ్ళు కూడా ఉన్నారు. మన వెనక గేటుకి తాళం వేయమని నేను ఏడాదిగా మొత్తుకుంటున్నది అందుకే.

మధ్యలో ఉన్న పెద్ద తొట్టి మా పక్కింటి పెద్దాయన ఇచ్చాడు. పొలం అమ్మేసి ఊళ్ళోకి వచ్చిన రైతు. "మా తాత దీంట్లో పందులకు పెట్టేవాడు, నువ్వు పూలు పెట్టుకో" అన్నాడు. దాన్ని కదపడానికి కింద ఇనప గొట్టాలు వేసి, కుర్రాళ్ళు నలుగురు గొట్టం తరవాత గొట్టం జరుపుతూ దొర్లించుకొచ్చారు. ఆ కుర్రాళ్ళు ఇక్కడే ఉన్నారు, లేవండి నాన్నా. ఒక్కసారి చప్పట్లు కొట్టండి వాళ్ళకి.

ఇక కార్ల విషయం. అనకూడదనుకున్నాను కానీ అనకుండా ఉండలేను. తొట్లు పెట్టిన చోట రెండు కార్లు పట్టేవని కమిటీలో పెద్ద చర్చ జరిగింది. నిజమే, పట్టేవి. కానీ అక్కడున్నది ఏమిటి? పగిలిన కాంక్రీటు, రెండు చెత్త డబ్బాలు. ఇంకొకరు ప్లాస్టిక్ గడ్డి పరుద్దామన్నారు, చూడ్డానికి పచ్చగా ఉంటుందట. పచ్చ రంగు వేసినా పచ్చగానే ఉంటుంది కదండీ! సరే, తీర్మానం అయిపోయింది, మళ్ళీ ఎందుకు తవ్వడం. కాంక్రీటు పగలగొట్టక్కర్లేదు కాబట్టే కదా తొట్లకు ఒప్పుకున్నారు, అదే పదివేలు. మట్టి లేని చోట తోట వేయాలంటే ఇంతకన్నా సులువైన దారి లేదు. ఎండ తగలాలి, గాలి ఆడాలి, పైన చెట్ల కొమ్మల నుంచి నీళ్ళు కారకూడదు, అంతే.

రాతి తొట్టి కొనే స్తోమత మనకి లేదు కాబట్టి మిగతావన్నీ మనమే పోసుకున్నాం. హైపర్‌టూఫా అంటారు. టూఫా అనేది సున్నపు ఊటల దగ్గర పేరుకునే తేలికైన గుల్ల రాయి. దానికి ఇది నకలు. ఒక పాలు సిమెంటు, ఒక పాలు ఇసక, రెండు పాళ్ళు పీట్, అంటే చిత్తడి నేలల్లో కుళ్ళి పేరుకున్న నాచు, కలుపుతారు. పీట్ బదులు మనం కొబ్బరి పొట్టు వేశాం. ఇటుకల్లా అచ్చువేసిన ఆ పొట్టు సంచి మీద 'భారతదేశం' అని చూసి, మా కోనసీమ ఆడపడుచు ఒకావిడ మా ఊరిదే అని పట్టుబట్టింది. కాదనడానికి నేనెవర్ని?

మాలు చలిమిడి ముద్దలా ఉండాలి, పిండితే రెండు చుక్కలు రావాలి, అంతకు మించి కారకూడదు. పెద్ద అట్టపెట్టెలో చిన్న అట్టపెట్టె పెట్టి, మధ్య సందులో మాలు కూరాలి. అడుగున చిల్లుల కోసం కర్రముక్కలు నిలబెట్టాలి. ఒకట్రెండు రోజులకి కాస్త గట్టిపడగానే పెట్టెలు విప్పి, వైరు బ్రష్షుతో అంచులు గీకితే పాతరాయి వాలకం వస్తుంది. ఆ తరవాత కొన్ని వారాలు తడి ఆరకుండా కప్పి ఉంచాలి, సిమెంటులో సున్నం కడుక్కుపోయేదాకా వానలో వదలాలి. చేతికి గ్లౌజులు మరవకండి, సిమెంటు చర్మాన్ని తినేస్తుంది. పాత పింగాణీ సింకు ఉన్నా పర్లేదు. పైన జిగురు పూసి, దాని మీద ఇదే మాలు అర అంగుళం మందాన మెత్తండి.

మట్టి సంగతి. ఎరువు వేయకండి. తోట మట్టి ఒక పాలు, ఆకు కంపోస్టు ఒక పాలు, గ్రిట్ అనే సన్న కంకర ఒక పాలు. చివర పైన మళ్ళీ అంగుళం మందం కంకర. మొక్క మెడ దగ్గర తడి నిలవకుండా కాపాడేది ఆ కంకరే. దాన్ని పిల్లలు ఏరుకుపోతున్నారు. అమ్మలూ, కాస్త చూసుకోండి.

రాళ్ళ గురించి చెప్పాలంటే ఫారర్ కథ చెప్పక తప్పదు. మా మరిది గారు అప్పుడే కళ్ళు మూసుకున్నారు, ఆయన చాలాసార్లు విన్నారు లెండి. రెజినాల్డ్ ఫారర్ మన యార్క్‌షైర్ వాడే. ఇంగిల్‌బరో కొండ కింద క్లాపమ్ ఊళ్ళో వాళ్ళ జమీందారీ. కొండ మొక్కల పిచ్చి. దూరదేశాల నుంచి తెచ్చిన విత్తనాలు తుపాకీలో కూరి, ఊరి దగ్గర కొండచరియ మీదికి పేల్చాడని చెప్పుకుంటారు. మనిషి చేరలేని పగుళ్ళలో విత్తనం పడాలని! సింహళం వెళ్ళి బౌద్ధం తీసుకున్నాడు. చైనాలో గన్సు కొండలు తిరిగాడు. 1920లో ఎగువ బర్మాలో మొక్కలు వెతుకుతూ నలభై ఏళ్ళకే పోయాడు. నోరు మాత్రం మంచిది కాదు. మట్టి కుప్ప మీద రాళ్ళు నిలబెట్టి రాక్ గార్డెన్ అనేవాళ్ళని చూసి, బాదం పప్పులు గుచ్చిన పుడ్డింగ్ అనీ, కుక్క సమాధి అనీ ఎగతాళి చేశాడు. ఆ రోజుల్లోనే హెన్లీలో ఫ్రాంక్ క్రిస్ప్ అనే లాయరు తన ఫ్రయర్ పార్క్ తోటలో ఆల్ప్స్ కొండల్లోని మాటర్‌హార్న్ శిఖరానికి చిన్న నమూనానే కట్టించుకున్నాడు. 1970లో ఆ ఇల్లు కొన్నది ఎవరో తెలుసా? జార్జ్ హారిసన్. బీటిల్స్ పాటల బృందం వాడు, హరే కృష్ణ హారిసనే. బీటిల్స్ పేరు వినగానే పిల్లలు ఫోన్లు దించారు, సంతోషం.

నేను చెప్పదలచుకున్నది ఏమంటే, తొట్టిలో రాయి పెడితే మూడో వంతైనా మట్టిలో దిగాలి. రాళ్ళ మీది పొరల గీతలన్నీ ఒకే వైపు వాలాలి. రెండు పలకలు దగ్గరగా నిలబెట్టి ఆ సందులో మొక్క నాటితే వేరు చల్లగా ఉంటుంది, ఆకు పొడిగా ఉంటుంది.

ఇప్పుడు బయటికి వెళ్తే చిన్న దిండ్లలాంటి సాక్సిఫ్రాగాలు పూసి ఉంటాయి, పసుపూ గులాబీ రంగుల్లో. ఆకు అంచున తెల్లగా కనిపించేది తెగులు కాదు, సున్నం. మందు కొట్టకండి. అంచు మీద నుంచి కిందికి జారేది ఆండ్రోసేస్, మన హిమాలయాలది. మూలన నిలువుగా ఉన్న బుల్లి జునిపర్ చంటిమొక్క కాదు, దాని రకమే పొట్టి, పెద్ద కుండీలోకి మార్చకండి. నీలం జెన్షియన్ ఇంకా పూయలేదు. దాని అడవి రూపం చూడాలంటే మే నెలలో అప్పర్ టీస్‌డేల్‌కి బస్సు వేద్దాం. కోయకూడదు, ఫోటోలు తీసుకోండి.

సిద్ధాంతి గారు దగ్గుతున్నారు, ముగిస్తున్నాను. మొదటి వేసవిలో మరీ ఎండిపోతే నీళ్ళు నేనే పోస్తాను. చెంబు అలమరాలో ఉంది, తాళం నా దగ్గర ఉంది. నవంబరు నుంచి తొట్ల మీద వాన పడకుండా అద్దం పలకలు నిలబెట్టాలి, పక్కల నుంచి గాలి ఆడేలా. దానికి ఇద్దరు మనుషులు కావాలి. చేతులు ఎత్తండి. ఆ స్తంభం పక్కన ఒకరు... ఇంకొకరు? కమిటీలో కార్లు అన్నారే, మీరే బాబాయ్ గారూ, మీ పేరు రాసుకుంటున్నాను. నమస్కారం.