తక్కువ ఖర్చుతో ఇంట్లోనే హాలోవీన్ పార్టీ: ఏవి చేయొచ్చు, ఏవి వదిలేయొచ్చు

అందరికీ నమస్కారం. ముందు ఈ కిటికీ చూడండి. పగటిపూట చూస్తే అద్దానికి నల్ల అట్ట ముక్కలు అంటించినట్టు ఉంది, అంతే. ఇప్పుడు గదిలో లైటు వేసి రోడ్డు మీదికి వెళ్లి చూపిస్తాను, ఉండండి. చూశారా! చీపురు మీద మంత్రగత్తె, కింద పిల్లి, వెనకాల నారింజ రంగు వెలుగు. దీనికి కావాల్సింది రెండు నల్ల పోస్టర్ బోర్డులు, వంటింట్లో ఉండే పార్చ్‌మెంట్ పేపరు, ఒక టేబుల్ ల్యాంపు. తోలుబొమ్మలాట చూసినవాళ్లకు ఈ కిటుకు వేరే చెప్పక్కర్లేదు. బొమ్మ వెనకాల దీపం ఉంటే చాలు, అట్టముక్కకి కూడా ప్రాణం వస్తుంది.

ఈ వీడియోలో నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. హాలోవీన్‌కి డబ్బు పెట్టాల్సింది వెలుగు మీద, ఆటల మీద. కొన్న బొమ్మల మీద కాదు.

మేం ఉండేది అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలో డాలస్ పక్కన ఫ్రిస్కోలో. అక్టోబరు వచ్చిందంటే మా వీధిలో ఒక్కో ఇంటి ముందు ఒక్కో స్మశానం లేస్తుంది. 12 అడుగుల అస్థిపంజరం మీరూ చూసే ఉంటారు. ఇంటి సామాన్లు అమ్మే హోమ్ డిపో దుకాణాలు 2020లో దాన్ని 299 డాలర్లకి తెచ్చాయి. బాగుంటుంది, కాదనను, పిల్లలు నిలబడిపోయి చూస్తారు. కానీ మిగతా పదకొండు నెలలు దాన్ని ఎక్కడ పెడతాం? 2023లో అమెరికాలో హాలోవీన్ ఖర్చు 1,220 కోట్ల డాలర్లని నేషనల్ రిటైల్ ఫెడరేషన్ అంచనా వేసింది. అందులో కొంత ఒక్క సాయంత్రం కోసం కొని గరాజ్‌లో పడేసేవే. కొత్తగా వచ్చి అపార్ట్‌మెంట్లో ఉంటున్నవాళ్లు, ఒక్క జీతం మీద నడిచే ఇళ్లు, పిల్లాడు క్లాసులో అందరినీ పిలిచేస్తే టెన్షన్ పడే అమ్మానాన్నలు, వీళ్ల కోసమే ఈ వీడియో. చాక్లెట్లు, తిండి పక్కన పెట్టి, అలంకరణకీ ఆటలకీ కలిపి 40 డాలర్లు దాటకూడదని పెట్టుకున్నాను. దాటలేదు.

మొట్టమొదట కొనాల్సింది రంగు ఎల్‌ఈడీ బల్బు. గుమ్మం పైన ఉన్న తెల్ల బల్బు తీసి ఆకుపచ్చదో ఊదా రంగుదో పెట్టండి. కొన్ని డాలర్లతో ఇంటి వాలకమే మారిపోతుంది. ఇంకేమీ చేయకపోయినా ఇది మాత్రం చేయండి. అక్టోబరు 31న మా దగ్గర ఆరున్నర దాటాక పొద్దుగుంకుతుంది, పిల్లలు వేషాలు వేసుకుని చాక్లెట్ల కోసం ఇంటింటికీ వచ్చేది ఆ తర్వాతే. అందుకని ఏది తయారుచేసినా లైట్లన్నీ ఆపి ఒకసారి చూడండి. పగలు అదిరిపోయిందనిపించిన బొమ్మ చీకట్లో కనపడకపోతే లాభం లేదు.

తర్వాత పాల డబ్బాల దెయ్యాలు. మన ఇళ్లలో కాఫీకి, పెరుగు తోడుకి గాలన్ డబ్బాలు ఎలాగూ ఖాళీ అవుతుంటాయి, సెప్టెంబరు నుంచే దాచిపెట్టండి. లోపల శుభ్రంగా కడగాలి, లేకపోతే పుల్లటి వాసన వస్తుంది. పర్మనెంట్ మార్కరుతో పెద్ద కళ్లు, తెరిచిన నోరు వేసి, వెనక వైపు కింద చిన్న రంధ్రం కోసి, సీరియల్ లైట్ల తీగని ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి దూర్చుకుంటూ పోవడమే. అడుగున గుప్పెడు గులకరాళ్లు వేస్తే గాలికి దొర్లిపోవు. ఆ ప్లాస్టిక్ పూర్తిగా పారదర్శకం కాదు కాబట్టి వెలుగు డబ్బా అంతా సమంగా పరుచుకుంటుంది. దీపావళికి కొన్న లైట్లే దీనికి వాడుకోవచ్చు, పండగలు రెండూ ఇంచుమించు ఒకే రోజుల్లో వస్తాయి కదా. 2024లో అయితే రెండూ అక్టోబరు 31నే వచ్చాయి. అందుకే నారింజ, ఊదా రంగు లైట్లు వేరేగా కొనకుండా పసుపు ఛాయ ఉన్న తెల్ల లైట్లు తీసుకోమంటాను.

ఇప్పుడు నాకు అన్నిటికంటే నచ్చింది. టేబుల్ మీద నిలబడే ఈ దెయ్యం. లోపల ఏమీ లేదు, చూడండి, బోలుగా ఉంది. గుడ్డ తనంతట తాను నిలబడింది. దీనికి చాలామంది చీజ్‌క్లాత్, అంటే వలలా ఉండే పల్చటి నూలు గుడ్డ కొంటారు. నేను వాడింది నాన్నగారి పాత మల్లు పంచె. నిలబెట్టింది గంజి. అవును, నేత చీరలకు పెట్టే గంజే. మా అమ్మ ఇక్కడికి వచ్చి ఉంది కాబట్టి ఆ డిపార్ట్‌మెంటు ఆవిడదే. "చీరకి పెట్టేంత పల్చటి గంజి దీనికి చాలదమ్మా, చిక్కగా కాయాలి" అంది. పావు కప్పు కార్న్ స్టార్చ్‌ని ముందు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలుపుకుని, రెండు కప్పుల మరిగే నీళ్లలో పోసి తిప్పుతూ ఉండాలి. తెల్లటి నీళ్లు అద్దంలా మారి చిక్కబడగానే దించేయాలి. గరిటె ఎత్తితే తీగలా జారాలి.

అది చల్లారేలోపు ఆకారం సిద్ధం చేసుకోండి. ఒక ఖాళీ జ్యూస్ సీసా, దాని మూతి మీద చిన్న బెలూన్, అదే తల. సీసా మెడకి తీగ చుట్టి రెండు వైపులా చేతుల్లా వంచాలి. కింద వ్యాక్స్ పేపరు పరవడం మర్చిపోవద్దు, లేకపోతే గుడ్డ టేబుల్‌కి అంటుకుపోతుంది. పంచె ముక్కని గంజిలో ముంచి, మరీ గట్టిగా పిండకుండా, బెలూన్ మీద నుంచి కప్పేయాలి. అంచులు సమంగా కత్తిరించకండి, చిరిగినట్టు వేలాడితేనే అందం. కింది మడతలు వేళ్లతో విడదీసి టేబుల్ మీద పరచాలి, ఎందుకంటే రేపు దెయ్యాన్ని నిలబెట్టేవి ఆ మడతలే. రాత్రంతా కదపకూడదు. పొద్దున వేలితో తడితే అట్టలా టకటకమంటుంది. అప్పుడు బెలూన్‌ని పిన్నుతో గుచ్చి, సీసానీ తీగనీ మెల్లగా కిందినుంచి లాగేయాలి. కళ్లకి నల్ల కాగితం. లోపల బ్యాటరీ దీపం పెడితే నేత గళ్లు గళ్లుగా వెలుగు బయటికొస్తుంది. ఎంత బాగుందో చూడండి!

ఒక్క జాగ్రత్త. ఇది ఇంట్లోనే ఉండాలి. బయట మంచు కురిస్తే గంజి మెత్తబడి కూలబడిపోతుంది. మైనపు కొవ్వొత్తి గానీ, నూనె ప్రమిద గానీ దీని దగ్గరికి తేవద్దు. గంజి పెట్టిన నూలు గుడ్డ, క్రేప్ పేపరు, ఎండిన మొక్కజొన్న కాడలు, ఇవన్నీ క్షణాల్లో అంటుకునే వస్తువులు. పొడుగాటి గౌన్లు, కేప్‌లు వేసుకున్న పిల్లలు తిరిగే ఇంట్లో నిప్పు అసలే వద్దు.

కాగితం గబ్బిలాలు తేలిక. కార్న్‌ఫ్లేక్స్ డబ్బా అట్ట మీద ఆకారం గీసి కత్తిరించుకుని, దాన్ని నల్ల కాగితం మీద పెట్టి గీసుకోవడమే. రెక్కలు కొంచెం పైకి మడిచి, ఒంటికి మాత్రమే పెయింటర్స్ టేప్ అంటిస్తే నీడ పడి ఎగురుతున్నట్టే ఉంటాయి. మూల నుంచి చిన్నవి మొదలుపెట్టి పోనుపోను పెద్దవి పెట్టండి. అద్దె ఇల్లయినా ఆ టేప్‌తో గోడకి మరక పడదు. టాయిలెట్ పేపరు గొట్టాలకి కళ్ల ఆకారం కోసి, లోపల గ్లో స్టిక్, అంటే విరిస్తే వెలిగే ప్లాస్టిక్ పుల్ల పెట్టి పొదల్లో దాస్తే చీకట్లో ఎవరో చూస్తున్నట్టుంటుంది. గ్లో స్టిక్ లోపల జరిగేది రసాయన చర్య. వేడికి ఎక్కువ వెలిగి త్వరగా ఆరిపోతుంది, చల్లగా ఉంటే తక్కువ వెలుగుతో ఎక్కువసేపు వస్తుంది. కాబట్టి పార్టీ మొదలయ్యే ముందే విరవండి, మధ్యాహ్నమే కాదు.

వద్దని చెప్పేవి కూడా ఉన్నాయి. ప్యాకెట్లో వచ్చే దూది సాలెగూళ్లు బయట చెట్లకి కట్టకండి. పిట్టలు, చిన్న జంతువులు అందులో చిక్కుకుంటాయి. సాలెగూడు కావాలంటే నల్ల చెత్త సంచిని మడతలు పెట్టి కత్తిరించండి, విప్పితే పెద్ద వల వస్తుంది. అమెజాన్ డబ్బాలతో సమాధి రాళ్లు చేయడం కూడా నాకు నచ్చలేదు. రంగు, ఇసుక, ఆరబెట్టడం, ఇంత పని చేశాక ఒక్క రాత్రి మంచుకి అట్ట వంగిపోతుంది. టీవీ ప్యాకింగులో వచ్చిన థర్మాకోల్ ఉంటే చేయండి, లేకపోతే వదిలేయండి.

ఇక గుమ్మడికాయ. ఐర్లండ్‌లో టర్నిప్ దుంపల్ని తొలిచి దీపాలు పెట్టేవాళ్లు, అమెరికాకి వలస వచ్చాక అది గుమ్మడికాయకి మారింది. చెక్కడం సరదానే, కానీ టెక్సస్‌లో అక్టోబరు చివర్లో కూడా పగలు 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటే రోజులుంటాయి. చెక్కిన కాయ ఆ వేడికి బూజు పట్టి కుంగిపోతుంది. చెక్కాలనుకుంటే పండగకి ఒకటి రెండు రోజుల ముందే చెక్కండి. పై మూతని ఏటవాలుగా కోయండి, అప్పుడు లోపలికి జారదు. గింజలు పారేయకండి. కడిగి ఆరబెట్టి, ఉప్పూ కారం చల్లి అవెన్‌లో వేయించుకుంటే మంచి చిరుతిండి.

నేను మాత్రం చెక్కకుండా రంగు వేయమంటాను. అదీ దిష్టిబొమ్మ ముఖం. మన ఊళ్లలో కొత్తగా కట్టే ఇళ్ల ముందు వేలాడదీస్తారే, గుడ్లురిమిన కళ్లు, మెలితిప్పిన మీసాలు, బయటికొచ్చిన ఎర్రటి నాలుక, అదే. నల్ల యాక్రిలిక్ రంగు ముందు, అది ఆరాక తెలుపు, ఎరుపు. ఈ వీధిలో ఇంకెవరింటి ముందూ ఇలాంటిది ఉండదు. పని కూడా అదే కదా, గుమ్మం ముందు నిలబడి చెడుని బెదిరించడం. కోయని కాయ వారాల తరబడి నిలుస్తుంది, పైగా తొడిమ గట్టిగా ఉంటుంది. ఆ తొడిమతో ఇప్పుడు ఆట ఆడిద్దాం.

మెడలో వేసుకునే గ్లో నెక్లెస్‌లు గుండ్రంగా కలిపితే రింగులు. తొడిమ మేకు. లైట్లు ఆపి దూరం నుంచి విసరాలి. వెలిగే రింగులు చీకట్లో ఎగురుతుంటే చూడటానికే ముచ్చటగా ఉంటుంది. గుండ్రటి కాయ మీద రింగు జారిపోతుంది కాబట్టి పొడుగాటి తొడిమ ఉన్న కాయనే ఏరుకోండి. చిన్నపిల్లల్ని దగ్గరగా, పెద్దపిల్లల్ని దూరంగా నిలబెట్టండి.

ఈజిప్టు మమ్మీలా చుట్టే ఆట అందరికీ తెలిసిందే. ఇద్దరిద్దరు జట్టు, ఒకరిని నిలబెట్టి ఇంకొకరు టాయిలెట్ పేపరు చుట్టాలి. మూడు నిమిషాలు సమయం. బాగా చౌక పేపరు చుట్టీ చుట్టకముందే చిరిగిపోయి పిల్లలు విసుక్కుంటారు, ఇక్కడ మాత్రం కాస్త మందంగా ఉన్నది తీసుకోండి. మెడకి, ముఖానికి చుట్టకూడదని ముందే చెప్పండి.

ఇప్పుడు చెప్పేది పిల్లలు కేకలు పెట్టే ఆట. చెప్పుల డబ్బాలకి చెయ్యి పట్టేంత రంధ్రం కోసి, లోపల గిన్నె పెట్టి, లోపల ఏముందో తాకి చెప్పమనడం. అందరూ స్పగెట్టి, తొక్క తీసిన ద్రాక్షపళ్లు పెడతారు. మన వంటింట్లో అంతకంటే మంచి సరుకుంది. సబ్జా గింజలు నానబెట్టండి, కాసేపట్లో జిగురుగా ఉబ్బుతాయి. "కప్ప గుడ్లు" అని చెప్పి చెయ్యి పెట్టించండి, ఆ ముఖాలు చూడాలి! ఉడికించి చల్లార్చి నూనె రాసిన సేమియా పురుగులు. కొబ్బరికాయ పీచు కొంచెం తడిపితే మంత్రగత్తె జుట్టు. విరిగిన అప్పడాలు ఎండిన చర్మం. ఒక్కో గిన్నెకి రెండు మూడు చెంచాలు చాలు, తిండి వృథా కాదు. మరీ చిన్నపిల్లలుంటే ద్రాక్షపళ్లు పెట్టకండి, నోట్లో వేసుకుంటే గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. ఇది నేను చూపించిన ఆటల్లో మొదటి స్థానంలో పెడతాను, ఖర్చు దాదాపు సున్నా.

నీళ్ల తొట్టిలో యాపిల్స్ వేసి నోటితో పట్టుకునే పాత ఆట ఉంది, అది వద్దు. అందరి నోళ్లూ ఒకే నీళ్లలో. దాని బదులు డోనట్లకి దారం కట్టి వేలాడదీసి, చేతులు వెనక్కి పెట్టుకుని తినమనండి, అంతే నవ్వు వస్తుంది.

పార్టీకి పిలిచేటప్పుడు ఏ పిల్లలకి ఏ అలర్జీ ఉందో అడగండి. చాలా చాక్లెట్లలో వేరుశెనగ ఉంటుంది. టీల్ రంగు, అంటే నీలం ఆకుపచ్చ కలిసిన రంగు గుమ్మడికాయ గుమ్మం ముందు కనిపిస్తే ఆ ఇంట్లో తినేవి కాకుండా వేరే బహుమతులు కూడా ఉన్నాయని అర్థం. టీల్ పంప్‌కిన్ ప్రాజెక్ట్ అంటారు, 2014 నుంచి దేశమంతా నడుస్తోంది. మిగిలిన గ్లో స్టిక్స్, పెన్సిళ్లు, స్టిక్కర్లు ఒక గిన్నెలో వేసి పెట్టండి చాలు. మిగతా పిల్లలతో పాటు గుమ్మం ఎక్కి ఖాళీ చేతులతో దిగే పిల్లాడికి అది చిన్న విషయం కాదు. ఒక చిన్న కాయకి ఆ రంగు వేయడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి?

చివరిగా నవంబరు 1 సంగతి. దుకాణాల్లో హాలోవీన్ సరుకు సగం ధరకి, ఒక్కోచోట అంతకంటే తక్కువకి వచ్చేస్తుంది. అప్పుడు బొమ్మల జోలికి పోకుండా రంగు బల్బులు, బ్యాటరీ దీపాలు, లైట్ల తీగలు కొనిపెట్టుకోండి. నల్ల అట్ట బొమ్మల్ని పరుపు కింద పరిచి దాస్తే మడత పడవు, వచ్చే ఏడాదికి పనికొస్తాయి. గంజి దెయ్యాన్ని నీళ్లలో నానబెడితే మళ్లీ గుడ్డ అయిపోతుంది. బ్యాటరీ దీపాల్లోంచి బ్యాటరీలు తీసేసి దాచండి, లేకపోతే లోపల కారిపోయి దీపాలు పాడవుతాయి.